చేతులు కట్టుకున్న చదువు

“ముట్టుకోవద్దు” అనే మాట మన ఇళ్లలో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో ఎవరైనా లెక్కపెట్టారా? మేము ఒక ఆదివారం లెక్కపెట్టాము. ఫజర్ నమాజు తరువాత మొదలుపెడితే ఇషా వేళకు ముప్పై ఒకటి తేలింది. గడియారం ముట్టుకోవద్దు, పాడవుతుంది. ఫ్యూజు ముట్టుకోవద్దు, షాకు కొడుతుంది. అబ్బా కళ్లద్దాలు ముట్టుకోవద్దు, గీతలు పడతాయి. ఇందులో ప్రాణానికి సంబంధించినవి నాలుగో ఐదో. మిగిలినవన్నీ మన వస్తువుల మీద మనకున్న మమకారం కొద్దీ అన్నవే.

ఈ లెక్క మేము ఎందుకు వేయవలసి వచ్చిందో చెబుతాము.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. నిరుడు బడి నుంచి వచ్చిన ప్రగతి పత్రంలో మార్కులు బాగానే ఉన్నాయి. కింద ఉపాధ్యాయుల అభిప్రాయం రాసే చోట ఒక వాక్యం ఉంది. మంచి పిల్ల, నెమ్మదస్తురాలు, ఏమీ అడగదు అని దాని సారాంశం. మేము సంతోషంగా సంతకం పెట్టాము. బంధువులకు కూడా చూపించాము. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ వాక్యాన్ని మెచ్చుకోలు అనుకున్నది మేము కాబట్టి తప్పు మాదే ఎక్కువ. నాలుగేళ్ల వయసులో “చందమామ మనతోపాటే ఎందుకు వస్తున్నాడు?” అని రిక్షాలో ఊపిరాడనివ్వకుండా అడిగిన పిల్ల పదమూడేళ్లకు ఏమీ అడగని పిల్ల ఎలా అయింది? ఆ ప్రశ్న మాకు తట్టడానికి ఒక రోజు ఇల్లు దాటి వెళ్లవలసి వచ్చింది.

అయిదు స్టేషన్ల దూరం

మేముండేది అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య సందుల్లో. ఆ ప్రాంతం తెలియని తెలుగువాడు ఉండడు. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కోచింగ్ ప్రకటనే. కంప్యూటర్ కోర్సులు, ఇంగ్లీషు మాట్లాడటం, పోటీ పరీక్షలు, ఐఐటీ ఫౌండేషన్. శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన పిల్లలు హాస్టలు గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, జిరాక్సు నోట్సు చంకలో పెట్టుకుని తెల్లవారుజాము నుంచి తిరుగుతుంటారు. ఆ పిల్లల కష్టాన్ని మేము చిన్నచూపు చూడటం లేదు. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఆ సందుల్లో నేర్చుకున్న చదువుతోనే. మన ముస్లిం కుటుంబాల పిల్లలూ అక్కడ వందల మంది ఉన్నారు.

అయితే ఆ సందులకు అయిదు మెట్రో స్టేషన్ల దూరంలో మరో రకమైన చదువు ఉంది. అమీర్‌పేటలో ఎల్‌బీ నగర్ వైపు రైలెక్కితే పంజాగుట్ట, ఇర్రం మంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, ఆ తరువాత అసెంబ్లీ. అక్కడ దిగి కాస్త పైకి ఎక్కితే నౌబత్ పహాడ్. నౌబత్ అంటే నగారా. పూర్వం ఆ కొండ మీద నగారాలు మోగించి ఫర్మానాలు చదివి వినిపించేవారని చెబుతారు. ఇప్పుడు అక్కడ బి.ఎం. బిర్లా సైన్సు కేంద్రం ఉంది. 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అక్కడి నక్షత్రశాలను ప్రారంభించారు. 1990లో సైన్సు మ్యూజియం వచ్చింది. 2000లో రాక్షసబల్లి అస్థిపంజరంతో డైనోసారియం, 2019లో అంతరిక్ష ప్రదర్శనశాల చేరాయి.

ఇరవై ఏళ్లకు పైగా ఆ కొండ కింది రోడ్డు మీద రాకపోకలు సాగించాము. పెళ్లిళ్లకు వెళ్లాము, ఆసుపత్రులకు వెళ్లాము. పైకి మాత్రం వెళ్లలేదు. పోయిన వేసవి సెలవుల్లో బాపట్ల దగ్గరి పల్లె నుంచి పిల్లల నానీ వచ్చారు. ఆమెకు నగరం చూపించాలనే వంకతో బయలుదేరాము. అమ్మాయి, దాని తమ్ముడు, ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకు వెళ్లే మా అన్నగారి అబ్బాయి, నానీ, మేమిద్దరము.

నానీ చేతిలో తాడు

హైదరాబాదు వాళ్లకు మ్యూజియం అంటే సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 నుంచి తరతరాలుగా అక్కడికి వెళుతున్నాము. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు ఊపిరి బిగబట్టి నిలబడతాము. అక్కడి వస్తువులు మళ్లీ దొరకనివి, ముట్టుకోకూడనివి. చేతులు వెనక్కి కట్టుకుని చూడవలసిందే. అది ఆ చోటుకు తగిన మర్యాద.

సైన్సు మ్యూజియం మర్యాద వేరు. అక్కడ మీట నొక్కాలి, చక్రం తిప్పాలి, తాడు లాగాలి. ముట్టుకోకపోతే ఆ వస్తువు ఉత్త కొయ్యముక్కే.

మా తమ్ముడు గారి లాంటి చిన్నవాడు, అంటే మా ఆరేళ్ల అబ్బాయి, లోపలికి అడుగుపెట్టగానే అన్నీ నొక్కేశాడు. అన్నగారి అబ్బాయి ప్రతి దాని ముందూ ఆగి పేరు చదివి “ఇది మా సిలబస్‌లో ఉంది” అని ముందుకు నడిచాడు. మా అమ్మాయి మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. సాలార్‌జంగ్‌లో నిలబడినట్టే. “ముట్టుకో బేటా, ఇక్కడ ముట్టుకోవచ్చు” అన్నాము. “వద్దు అమ్మీ, ఏమైనా అవుతుందేమో” అంది.

అప్పుడు మాకు ఆ ప్రగతి పత్రం గుర్తుకు వచ్చింది.

గిలకల దగ్గర జరిగింది చెప్పాలి. ఒకే బరువును ఒక గిలకతో, రెండు గిలకలతో, ఇంకా ఎక్కువ గిలకలతో లాగి చూసే ఏర్పాటు అది. అన్నగారి అబ్బాయి సూత్రం గడగడా అప్పజెప్పాడు. “మరి ఎందుకు తేలికవుతుంది నాయనా?” అని నానీ అడిగారు. “ఫార్ములా అంతే నానీ” అన్నాడు వాడు.

నానీ బడికి వెళ్లలేదు. కొంగు నడుముకు దోపి మొదటి తాడు లాగారు. “ఇది మా ఊరి బావి గిలక. దీనికి బరువేమీ తగ్గదు. పైకి ఎత్తే బదులు కిందికి లాగుతాం గనక మన ఒంటి బరువు సాయపడుతుంది, అంతే” అన్నారు. రెండో తాడు లాగి కాసేపు ఆగారు. “ఇది తేలిగ్గా వస్తోంది. కానీ ఎంత లాగినా బరువు కొంచెమే లేస్తోంది. చూడండి, నేను రెండు మూరలు లాగితే అది ఒక్క మూర లేచింది. ఊరికే ఏదీ రాదు. బరువులో తగ్గించినది తాడులో వసూలు చేసుకుంటోంది” అన్నారు.

భౌతికశాస్త్రంలో ఇంతకంటే పెద్ద నియమాలు ఎన్నో లేవు. యంత్రం శ్రమను తేలిక చేస్తుందే కాని పనిని మాయం చేయదు. డెబ్బై ఏళ్ల చేతులు ఆ సంగతి ఒక్క లాగుతో పట్టుకున్నాయి. తొంభై అయిదు శాతం మార్కుల నోరు పట్టుకోలేకపోయింది.

ఆ తరువాత నానీ మనవరాలి చేతులు వెనక నుంచి ముందుకు లాగి తాడు మీద పెట్టారు. అమ్మాయి లాగింది. మళ్లీ లాగింది. మూరలు కొలిచింది. మూడో తాడు దగ్గర “ఇక్కడ నాలుగు మూరలు లాగితే ఒక మూర లేవాలి కదా?” అంది. ఎన్నో నెలల తరువాత దాని నోట మేము విన్న మొదటి ప్రశ్న అది.

తాకి నేర్చుకోవడం కొత్త సంగతి కాదు

పిల్లలు వస్తువులను స్వయంగా నడిపి చూడాలనే ఆలోచనతో ఎదిగిన మ్యూజియంలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1903లో స్థాపించిన డాయిష్ మ్యూజియం వాటిలో పాతది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1969లో ‘ఎక్స్‌ప్లొరేటోరియం’ ప్రారంభించారు. మన దేశంలో 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం, 1965లో బెంగుళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియం వచ్చాయి. తిరుపతిలో ప్రాంతీయ సైన్సు కేంద్రం 1993 నుంచి ఉంది.

అయితే చేత్తో పరీక్షించి కాని ఏదీ నమ్మకూడదన్న పట్టుదల అంతకు ఎంతో ముందుది. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ పదకొండో శతాబ్ది తొలినాళ్లలో ‘కితాబుల్ మనాజిర్’ రాశారు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని ఆనాడు పెద్ద పెద్ద పండితులు నమ్మేవారు. ఆయన చీకటి గదిలో చిన్న రంధ్రం చేసి, బయట దీపాలు వరుసగా పెట్టి, ఒక్కొక్క దీపాన్ని కప్పి చూశారు. ఏ దీపం కప్పితే లోపల దాని మచ్చ ఒక్కటే మాయమైంది. వెలుగు వస్తువు నుంచే వస్తుందనీ, సూటిగా ప్రయాణిస్తుందనీ వాదన మీద వదిలిపెట్టకుండా ప్రయోగంతో చూపారు.

మన ఇళ్లలో ఇటువంటి మహనీయుల పేర్లు చెప్పుకుని గర్వపడటం మామూలే. మీలాదు సభల్లో, వార్షికోత్సవాల్లో పిల్లల చేత పేర్ల జాబితా అప్పజెప్పిస్తాము. కాని చెప్పుల పెట్టెకు సూది బెజ్జం పెట్టి, ఎదుటి వైపు నూనె రాసిన పల్చటి కాగితం అంటించి, కిటికీలోంచి కనబడే వేపచెట్టును తలకిందులుగా చూపించిన ఇల్లు ఎన్ని? మేమూ చూపించలేదు. ఇబ్నుల్ హైసమ్ పేరు మాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆయన చేసిన పని మాత్రం ఈ ఏడే చేశాము. దానికి అయిన ఖర్చు సూది, కాగితం, చెంచాడు కొబ్బరినూనె.

మన మట్టిలోంచి లేచిన జంతువు

డైనోసారియంలో పిల్లలు మెడ ఎత్తి చూసే అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. మా చిన్నవాడు సినిమాల్లో చూసిన జంతువనుకుని “అమెరికా నుంచి తెచ్చారా అబ్బా?” అన్నాడు. కాదు. అది పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. ప్రాణహిత, గోదావరి లోయలోని ‘కోట’ శిలాస్తరాల నుంచి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారు 1970వ దశకంలో ఆ ఎముకలను వెలికి తీశారు. శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఆ విధంగా ఎక్కింది. పదహారు కోట్ల ఏళ్లకు పైబడిన నాటి శాకాహారి అది.

ఇంకో సంగతి ఉంది. అక్కడ దొరికిన 840 ఎముకలూ ఒకే జంతువువి కావు. కనీసం పన్నెండు జంతువులవి. ఒకదానిలో లేనిది ఇంకొక దాని నుంచి తీసుకుని నిలబెట్టారు. తల ఎముక దొరకలేదు, పళ్లు మాత్రం రెండు దొరికాయి. మా అమ్మాయి వెంటనే అడిగింది. “మరి తల ఇలాగే ఉంటుందని ఎలా తెలుసు?” సరిగ్గా తెలియదు. దగ్గరి జాతుల తలలతో పోల్చి చేశారు. రేపు ఎక్కడైనా పుర్రె దొరికితే మార్చుకుంటారు. శాస్త్రం అంటే అన్నీ తెలిసిన పెద్దమనిషి కాదనీ, తెలిసినదీ తెలియనిదీ విడివిడిగా చెప్పే సాక్షి అనీ పిల్లలకు ఇంతకంటే బాగా ఎక్కడ అర్థమవుతుంది?

ఈ సందర్భంలో ఒక సున్నితమైన విషయం దాచకుండా చెప్పుకోవాలి. మన పెద్దల్లో కొందరికి కోట్ల ఏళ్ల మాట, రాక్షసబల్లుల మాట వినగానే ఒక సంకోచం కలుగుతుంది. పిల్లవాడు దాని మీద ప్రశ్న వేస్తే విశ్వాసానికి ఏమవుతుందో అని భయం. ఆ భయంతో “ఇలాంటివి అడగకూడదు” అని నోరు మూయిస్తారు. భూమినీ ఆకాశాన్నీ చూసి ఆలోచించమని దివ్య ఖుర్‌ఆన్ మనిషికి పదే పదే చెబుతుందని శుక్రవారం ఖుత్బాల్లో విని వచ్చే మనమే, ఇంటికొచ్చి ఆలోచించిన పిల్లవాణ్ణి గద్దించడం న్యాయమా? ప్రశ్న వల్ల కూలిపోయే విశ్వాసం మనది కాదు. జవాబు తెలియకపోతే “నాకు తెలియదు బేటా, కనుక్కుందాం” అందాము. ఆ మాట అనడానికి మాకు నలభై ఏళ్లు పట్టింది. మొదటిసారి అన్నప్పుడు పిల్లలు మమ్మల్ని తక్కువగా చూస్తారనుకున్నాము. దగ్గరికి జరిగి కూర్చున్నారు.

ఒకే చుక్క, రెండు పేర్లు

నక్షత్రశాల చీకట్లో చుక్కల ఇంగ్లీషు పేర్లు వినిపిస్తుంటే నానీ మెల్లగా నవ్వారు. రిజెల్ అంటే ‘రిజ్ల్’, కాలు. డెనెబ్ అంటే ‘దనబ్’, తోక. ఆల్టెయిర్ అంటే ‘తాయిర్’, ఎగిరేది. బడికి వెళ్లకపోయినా అరబీ పాఠం చదివిన చెవి గదా. వెయ్యేళ్ల కిందటి అరబీ గ్రంథాల నుంచి ఐరోపా భాషల్లోకి వెళ్లిన పేర్లు అవి.

అల్డెబరాన్ అనే ఎర్రటి చుక్క ఉంది. ‘అల్ దబరాన్’, అంటే వెంట నడిచేది. కృత్తికల వెనకే ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. మన తెలుగువాళ్లు ఆ చుక్కనే రోహిణి అంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పల్లెల్లో హిందువూ అంటాడు, ముస్లిమూ అంటాడు. నానీ జీవితమంతా రోహిణి ఎండల్లో మిరపకాయలు ఎండబెట్టారు, జీవితమంతా అరబీ అక్షరాలు చదివారు. రెండూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయని ఆమెకు ఆ రోజు తెలిసింది. తెలుగు ముస్లిం పిల్లలు “మనం ఎవరం?” అని తమను తాము అడిగే వయసు ఒకటి వస్తుంది. అప్పుడు వాళ్లకు చూపించడానికి ఆకాశంలో ఆ ఎర్రచుక్క ఉంది.

మన గుమ్మం ముందే ఉన్న గుమ్మటం

మెట్రో ఎక్కనవసరం లేని చోటు కూడా ఒకటి ఉంది. పంజాగుట్ట నుంచి బేగంపేట వైపు వెళితే ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ వస్తుంది. దాని చిరునామాలో ఇప్పటికీ ‘నిజామియా వేధశాల ఆవరణ’ అని ఉంటుంది. ఆ రోడ్డు మీద రోజూ బస్సెక్కే వాళ్లలో ఎందరికి ఆ పేరు వెనక కథ తెలుసు?

నవాబ్ జఫర్ జంగ్‌కు ఆకాశం మీద మోజు. ఆయన ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్ బండ దగ్గరి తన ఎస్టేటులో వేధశాల పెట్టారు. నిజాం అనుమతితో దానికి ‘నిజామియా’ అని పేరు వచ్చింది. 1907లో ఆయన చనిపోయాక ప్రభుత్వం దాన్ని స్వీకరించి బేగంపేటకు మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచ దేశాలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి, చుక్క చుక్కనూ కొలిచి పట్టిక వేసే మహా యజ్ఞం తలపెట్టాయి. దాదాపు ఇరవై వేధశాలలు పంచుకున్న ఆ పనిలో మన హైదరాబాదుకూ ఒక వాటా దక్కింది. ఇక్కడ కొలిచి ప్రచురించిన చుక్కల సంఖ్య ఏడు లక్షల అరవై వేలకు పైమాటే. చాట్‌వుడ్, పోకాక్ అనే ఆంగ్లేయుల తరువాత టి.పి. భాస్కరన్, ఆ తరువాత అక్బర్ అలీ దానికి డైరెక్టర్లుగా పనిచేశారు. నగరం పెరిగి దీపాల వెలుగు ఆకాశాన్ని కమ్మేశాక పరిశీలన పని ఊరి బయట జాపాల్-రంగాపూర్‌కు తరలింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు.

నిజామియా వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఒక ఉద్యోగికి 1927లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడు దూరదర్శినుల మధ్య పెరిగాడు. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లి, 1949లో ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఆయనే వైను బాపు. స్వతంత్ర భారతంలో ఖగోళ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. తమిళనాడులోని కావలూరులో ఉన్న పెద్ద దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

నవాబు గారు కొన్న దూరదర్శిని ఒక చిన్న ఉద్యోగి కొడుకు చేతికి అందుబాటులోకి వచ్చింది. దాని ఫలం దేశానికి దక్కింది. తాకే అవకాశం ఎంత విలువైనదో చెప్పడానికి వేరే రుజువు కావాలా? అందుకే ఒక కోరిక. ఆ పాత వేధశాల కథను పంజాగుట్ట, అమీర్‌పేట బడుల పిల్లలు ఏడాదికొక్కసారైనా అక్కడికే వెళ్లి వినే ఏర్పాటు జరగాలి. విశ్వవిద్యాలయం, ప్రభుత్వం, మన విద్యాసంస్థల నిర్వాహకులు కలిసి పూనుకుంటే కాని పని కాదు.

అభ్యంతరాలు, మా జవాబులు

“పరీక్షల్లో ఇవి అడగరు కదా” అని మా అన్నగారు అన్నారు. నిజమే. కాని గిలక ఎందుకు తేలికవుతుందో చేత్తో తెలిసిన పిల్లకు ఆ సూత్రం మరచిపోవడం కష్టం. కోచింగ్ మానిపించమని మేము అనడం లేదు. నెలలో నాలుగు ఆదివారాలు ఉంటే ఒక్కటి అడుగుతున్నాము.

“ఖర్చు” అంటారు కొందరు. టికెట్టుకు డబ్బు అవుతుంది, కాదనము. అయితే ఒక్క పెళ్లి విందుకు వెళ్లి రావడానికి మనం బట్టలకూ ఆటోలకూ పెట్టేదానితో పోల్చి చూడండి. మస్జిద్ కమిటీలు, మొహల్లా సంఘాలు తలచుకుంటే పేద పిల్లలను బృందంగా తీసుకువెళ్లడం అసాధ్యం కాదు. ఇఫ్తార్ విందుల్లో ఒకటి తగ్గించుకున్నా ఒక తరగతి పిల్లలు కొండెక్కుతారు.

“ఆడపిల్లలకు ఎందుకు?” అన్న మాట ఎవరూ పైకి అనరు. కాని బయలుదేరేటప్పుడు అబ్బాయిలను తీసుకువెళ్లి, అమ్మాయిని వంటింట్లో సాయానికి ఉంచేస్తారు. మన ఇళ్లలో “ముట్టుకోవద్దు” ఎక్కువగా వినేది ఎవరో ఒకసారి ఆలోచించండి. మా లెక్కలో ముప్పై ఒకటికి పంతొమ్మిది అమ్మాయికే తగిలాయి. తల్లులు కూడా తప్పక వెళ్లాలి. తల్లి తాకి చూసినది బిడ్డ ధైర్యంగా తాకుతుంది. పెద్దవాళ్లనూ తీసుకువెళ్లండి. తిరగలి, కవ్వం, ఏతాం, కుట్టుమిషను, ఇవన్నీ తెలిసిన చేతులు వాళ్లవి. ఆ చేతులకు తెలిసినది పిల్లల పుస్తకాలకు తెలియదు.

వెళ్లినప్పుడు అన్నీ ఒక్క రోజులో చూడాలని పరుగెత్తించకండి. నాలుగు వస్తువులు చాలు. మనమే ముందుగా వివరించేయకుండా “ఏమవుతుందనుకుంటున్నావు?” అని అడిగి, తరువాత మీట నొక్కనివ్వండి. ఊహ తప్పితే నవ్వకండి.

మిద్దె మీద కర్ర

మ్యూజియం ఆ కొండ మీదనే ఆగిపోకూడదు. మన ఇంటి గోడకు నమాజు వేళల క్యాలెండరు వేలాడుతుంది. జుహర్ ఎప్పుడు, అసర్ ఎప్పుడు అని చూసి లేస్తాము. ఆ వేళలు నీడ మీద ఆధారపడినవని పిల్లలకు నోటిమాటగా తెలుసు. మిద్దె మీద ఒక కర్ర నిలబెట్టి చూపించండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండి మళ్లీ పెరగడం మొదలైతే జుహర్ వేళ వచ్చినట్టు. ఆ మధ్యాహ్నపు నీడను మినహాయించి, కర్ర పొడవంత నీడ పడితే షాఫయీలకు, దానికి రెట్టింపు పడితే హనఫీలకు అసర్.

హైదరాబాదులో ఏటా మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నిట్టనిలువు కర్రకు నీడే పడదు. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. అలాగే మే 27, 28 తేదీల్లో మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు మక్కాలో కాబా మీదుగా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో మన మిద్దె మీది కర్ర నీడకు ఎదురు దిక్కే ఖిబ్లా. ఏ యంత్రమూ అక్కరలేదు. కర్ర, సుద్దముక్క, పిల్లలు ఉంటే చాలు.

పోయిన జులైలో మబ్బు కమ్మి మాకు ఆ నీడ దొరకలేదు. అమ్మాయి ఊరుకోలేదు. చీపురు కర్రకు కాగితపు స్కేలు అంటించి, ఎండ ఉన్న ప్రతి రోజూ అసర్ నీడ కొలిచి నోటు పుస్తకంలో రాసింది. గోడ మీది క్యాలెండరుతో పోల్చింది. ఒక రోజు మూడు నిమిషాలు, ఒక రోజు అయిదు నిమిషాలు తేడా వచ్చింది. “తప్పు నా కర్రదా, క్యాలెండరుదా అబ్బా? అసలు ఈ క్యాలెండరు ఎవరు లెక్కవేశారు?” అని అడిగింది.

మాకు తెలియదు. కనుక్కుందామన్నాము. మస్జిద్‌లో ఇమామ్ సాహెబును అడగడానికి వచ్చే శుక్రవారం జుమా తరువాత దాన్ని వెంట తీసుకువెళుతున్నాము. ఇన్షా అల్లాహ్, ఈ ఏడు ప్రగతి పత్రంలో ‘ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది’ అని ఫిర్యాదు వస్తే ఈసారి కూడా బంధువులందరికీ చూపిస్తాము.